చలిదేశాల్లో తేనెటీగల పెంపకం: ఆగస్టు నెల పని

ఉత్తర అమెరికాలోనూ ఐరోపాలోనూ తేనెటీగలు పెంచేవారికి ఏడాది జనవరిలో కాదు, ఆగస్టులో మొదలవుతుంది. మనకు శ్రావణ భాద్రపదాల వానలు పడే ఆ రోజుల్లో అక్కడ వేసవి చివరికొస్తుంది. పొద్దు కురచబడుతుంది. క్లోవర్, లిండెన్ పూలు అయిపోతాయి. పెట్టె పై అంతస్తులో తేనె చట్రాలు నిండి బరువెక్కి ఉంటాయి. చూసేవారికి అది కోతల కాలం, తేనె తీసి సీసాలకెత్తి ఆ సంవత్సరానికి పని ముగించుకునే కాలం. నిజానికి వచ్చే ఏడు తేనె ఉంటుందా, అసలు ఈగలే మిగులుతాయా అన్నది తేలేది ఆ ఆరేడు వారాల్లోనే. చలికాలపు సన్నాహం అనగానే పెట్టెకు గోనె చుట్టడం, ఈదురుగాలికి అడ్డు కట్టడం, పంచదార పాకం పోయడం గుర్తుకొస్తాయి. అవన్నీ అవసరమైన పనులే. అయితే గుంపును చలి దాటించేవి పెట్టె మీది కప్పులు కావు, పెట్టెలోని ఈగలు. ఆ ఈగలు పుట్టేది ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మొదటి దాకా. అందుకని అవి పుట్టకముందే, వాటిని సాకే దాది ఈగల ఒంటి మీద నుంచి వరోవా నల్లిని దించడమే సన్నాహాలన్నిటిలో మొదటిది. తేనె కోత, మేత, కప్పు అన్నీ దాని వెనకే రావాలి.

తేనెటీగ చలికాలమంతా నిద్రపోయే జీవి కాదు. కందిరీగల గూడు ఆకురాలు కాలంలో మొత్తం చచ్చిపోతుంది, కొత్త రాణులు మాత్రం ఏ బెరడు కిందో ముడుచుకుని మిగులుతాయి. తేనెటీగలు అలా కాదు, గుంపుగానే చలిని దాటుతాయి. గాలి సుమారు 14 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడగానే పట్టు మీద దగ్గరగా చేరి ముద్ద కడతాయి. పైపొరలోని ఈగలు తలలు లోపలికి పెట్టి ఒకదానినొకటి ఒరుసుకుని గోడలా నిలుస్తాయి. లోపలివి రెక్కలు ఆడించకుండానే, ఎగరడానికి వాడే కండరాలను వణికించి వేడి పుట్టిస్తాయి. ఆ పొయ్యికి కట్టె తేనె. పిల్లలు లేని నెలల్లో ముద్ద నడుమ వేడి ఇరవై, ముప్పై డిగ్రీల మధ్య ఉంటుంది, పైపొరలో పది డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఒళ్లు అంతకంటే బాగా చల్లబడిన ఈగ కాళ్ల పట్టు తప్పి అడుగున రాలిపోతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో రాణి మళ్లీ గుడ్లు పెట్టడం మొదలుపెడితే నడుమ భాగాన్ని 34, 35 డిగ్రీలకు తేవాలి కాబట్టి తేనె ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన ఇ.ఎఫ్. ఫిలిప్స్, జార్జ్ డెముత్ ఈ ముద్ద లోపలి వేడిని కొలిచి 1914లో ప్రకటించారు. గుంపు పెట్టెనంతా వెచ్చబెట్టదనీ, తనను తాను మాత్రమే వెచ్చబెట్టుకుంటుందనీ పెంపకందారులకు తెలిసింది ఇలాంటి కొలతల వల్లే. ఈ పని నాలుగైదు నెలలు సాగాలంటే ఒక్కొక్క ఈగా నాలుగైదు నెలలు బతకాలి.

వేసవిలో పుట్టిన కూలి ఈగ ఆయుష్షు నాలుగు నుంచి ఆరు వారాలు. అక్టోబరులో ముద్దలో చేరే ఈగ నాలుగు నుంచి ఆరు నెలలు బతుకుతుంది. రెండూ ఒకే రాణి బిడ్డలు, ఒకే పెట్టెలో పెరిగినవి. తేడా పుట్టుకలో లేదు, బతుకులో ఉంది. 1950ల్లో స్విట్జర్లాండు శాస్త్రవేత్త అన్నా మౌరిజియో చూపించినట్టు, పుప్పొడి బాగా తిని, పిల్లలకు పాలు పట్టే చాకిరీ పడని ఈగ ఎక్కువ కాలం బతుకుతుంది. ఈగ పొట్ట గోడల లోపలివైపు కొవ్వు కణజాలం ఉంటుంది. మన కాలేయం చేసే పనుల్లో చాలావాటిని ఈగకు అదే చేస్తుంది. విటెల్లోజెనిన్ అనే మాంసకృత్తు తయారయ్యేదీ నిల్వ ఉండేదీ అక్కడే. వేసవి దాది ఈగ ఆ నిల్వను పిల్లల పాలకింద ఖర్చుపెట్టి, తర్వాత మేతకు వెళ్లి అరిగిపోతుంది. ఆకురాలు కాలంలో రాణి గుడ్లు తగ్గిస్తుంది. సాకాల్సిన పిల్లలు తగ్గడంతో కొత్తగా పుట్టిన ఈగకు తిన్న పుప్పొడి ఒంట్లోనే ఉండిపోతుంది. చలికాలపు ఈగ అంటే ఖర్చుకాని నిల్వతో నిండిన ఈగ. వసంతంలో పూలు రాకముందు తొలి పిల్లలకు పాలయ్యేదీ ఆ నిల్వే. ఇక్కడ తేదీలు చూడాలి. కూలి ఈగ గుడ్డు నుంచి రెక్కలు విప్పేందుకు 21 రోజులు పడుతుంది. సెప్టెంబరు 10న బయటికొచ్చే ఈగ గుడ్డుగా పడింది ఆగస్టు 20న. దానికి పాలు పట్టిన దాదులు పుట్టింది ఆగస్టు తొలి వారాల్లో. అంటే చలికాలపు ఈగలు ఆరోగ్యంగా ఉండాలంటే వాటికి ముందు తరం కూడా ఆరోగ్యంగా ఉండాలి.

ఆ కొవ్వు కణజాలమే వరోవా నల్లికి మేత. గోధుమ ఎరుపు రంగులో, ఒకటిన్నర మిల్లీమీటరు వెడల్పున, పీత డొప్పలా అణగారిన ఒళ్లున్న పురుగు ఇది. దాని శాస్త్రీయ నామం వరోవా డిస్ట్రక్టర్. 2000 సంవత్సరం దాకా దీన్ని 1904లో జావాలో వర్ణించిన మరో వరోవాగా పొరబడేవారు. దశాబ్దాలుగా పుస్తకాలన్నీ ఇది ఈగ నెత్తురు తాగుతుందనే రాశాయి. పెద్ద ఈగల మీద ఇది ప్రధానంగా తినేది కొవ్వు కణజాలాన్నని శామ్యూల్ రామ్సే బృందం 2019లో చూపించింది. తల్లి నల్లి, మైనం మూత పడబోయే ముందు పిల్ల ఉన్న అరలోకి దూరి, మూత పడ్డాక లోపల గుడ్లు పెడుతుంది. కూలి ఈగ పిల్ల మూత కింద ఉండేది సుమారు 12 రోజులు, పోతుటీగ పిల్ల ఉండేది 14, 15 రోజులు. ఆ రెండు మూడు రోజుల తేడాలో ఇంకో కూతురు ఎదుగుతుంది కాబట్టి నల్లికి పోతుటీగ అరలంటే ఎక్కువ ఇష్టం. పిల్లలున్నంత కాలం పెట్టెలో నల్లి సంఖ్య నెలకు దాదాపు రెట్టింపవుతుంది. ఏప్రిల్ మొదట్లో వంద ఉన్నాయనుకుంటే మేలో రెండువందలు, జూన్‌లో నాలుగువందలు, జూలైలో ఎనిమిదివందలు, ఆగస్టులో పదహారువందలు. ఈ లెక్కలో అసలు ప్రమాదం పదహారువందలు అన్న అంకెలో లేదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఈగలూ పెరుగుతుంటాయి కాబట్టి వందకింత అన్న నిష్పత్తి మెల్లగా కదులుతుంది. ఆగస్టులో గుంపు చిక్కడం మొదలవుతుంది, పోతుటీగల పెంపకం ఆగిపోతుంది, పిల్ల అరలు తగ్గుతాయి. నల్లి మాత్రం తగ్గదు. ఉన్న నల్లి అంతా ఉన్న కొద్దిపాటి కూలి ఈగ అరల మీద పడుతుంది. ఆ అరల్లో పెరుగుతున్నవే చలికాలపు ఈగలు.

నల్లి తినేది ఎంతన్నది ఒక సంగతి, అది మోసుకొచ్చే జబ్బు ఇంకో సంగతి. రెక్కలు వంకరపోయే వైరస్ తేనెటీగల్లో ఎప్పటినుంచో ఉన్నదే, పెద్దగా హాని చేయకుండా అక్కడక్కడ కనిపించేది. హవాయి దీవుల్లో కొన్నింటికి 2007, 2008లో నల్లి చేరింది, మిగతావాటికి చేరలేదు. పక్కపక్కనే రెండు రకాల దీవులు ఉండటం శాస్త్రవేత్తలకు అరుదైన అవకాశమైంది. స్టీఫెన్ మార్టిన్ బృందం 2012లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, నల్లి చేరిన చోట ఆ వైరస్ ఉన్న గుంపులు పదిశాతం నుంచి నూరుశాతానికి చేరాయి. నల్లి సూదిలా గుచ్చి వైరస్‌ను నేరుగా ఒంట్లోకి ఎక్కిస్తుంది. కెనడాలోని ఒంటారియోలో నాలుగువందలకు పైగా గుంపులను గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనం, చలికాలపు చావుల్లో 85 శాతానికి పైగా నల్లితో ముడిపడ్డవని తేల్చింది. అదే ఏడు వెలువడిన జర్మనీ పరిశీలన ఇంకా పెద్దది. నాలుగేళ్ల పాటు 1,200కు పైగా గుంపులను వెంబడించింది. చలికాలపు చావులతో గట్టిగా ముడిపడినవి నాలుగని అది చెప్పింది: ఆకురాలు కాలంలో నల్లి తీవ్రత, అప్పటి వైరస్‌లు, రాణి వయసు, చలికి ముందే గుంపు బలహీనంగా ఉండటం. ఈ నాలుగూ డిసెంబరు కారణాలు కావు. చలి మొదలవకముందే పెట్టెలో ఉన్నవి, కొలవడానికి వీలైనవి, చాలావరకు సరిదిద్దడానికి వీలైనవి.

కాబట్టి ఆగస్టు మొదటి పని లెక్కపెట్టడం. పిల్లలున్న చట్రం మీది నుంచి అరకప్పు ఈగలను, అంటే సుమారు మూడువందలను, రాణి అందులో లేదని చూసుకుని సీసాలోకి దులుపుతారు. ఆల్కహాలు పోసి నిమిషం పాటు కుదిపి, జల్లెడ పట్టి, అడుగున చేరిన నల్లిని లెక్కిస్తారు. తొమ్మిది కనిపిస్తే వందకు మూడు. ఆగస్టులో వందకు రెండు మూడు దాటితే మందు వేయాల్సిందేనన్నది ఇప్పుడు అమెరికాలో ఎక్కువమంది పాటించే గీటురాయి. మూడువందల ఈగలను చంపి లెక్కపెట్టడం క్రూరం కాదా అని మనసు ఒప్పుకోనివారున్నారు. ఆ బాధ అర్థం చేసుకోదగినదే. అయితే మూడువందలంటే ఆ కాలంలో రాణి ఒక్క రోజు పెట్టే గుడ్లకంటే తక్కువ. లెక్క తెలియక పోగొట్టుకునేది ముప్పైవేల ఈగల గుంపును. ఈగలు చావకుండా పొడి పంచదారలో దొర్లించి నల్లిని రాల్చే పద్ధతీ ఉంది, దాని లెక్క కాస్త తక్కువ నమ్మదగినది. కంటితో చూస్తే చాలదా అని అడిగేవారికి జవాబు తేలిక. నల్లిలో సగానికి పైగా మూతపడ్డ అరల్లోనే ఉంటాయి. పైకి కనిపించేవి కూడా ఎక్కువగా ఈగ పొట్ట కింది మడతల్లో దాక్కుంటాయి. రెక్కలు వంకరపోయిన ఈగలు గడప మీద పాకుతూ కళ్లబడే నాటికి చేయి దాటిపోయి ఉంటుంది.

మందు ఎంచుకోవడం క్యాలెండరుతో, ఉష్ణమాపకంతో, పెట్టెలో తేనె ఉందా లేదా అన్న సంగతితో ముడిపడిన పని. మైనం మూత దాటి లోపలి నల్లిని కూడా చంపగలిగేది ఫార్మిక్ ఆమ్లం, చీమల్లో ఉండే ఆమ్లమే. దాని ఆవిరి పగటివేడి సుమారు 10, 29 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే క్షేమం. ఎండ మించితే రాణులు చస్తాయి, పిల్లలు చస్తాయి. మన వాముకు ఆ ఘాటునిచ్చే థైమాల్‌కు కనీసం 15 డిగ్రీల వేడి కావాలి. తేనెకు వాసన పట్టుకుంటుంది కాబట్టి తేనె చట్రాలు తీశాకే వాడాలి. అమిట్రాజ్ పట్టీలు ఆరు నుంచి ఎనిమిది వారాలు పెట్టెలో వేలాడాలి. ఆగస్టు 15న పెడితే అక్టోబరు మొదటికి గానీ పని పూర్తవదు, సెప్టెంబరు చివర పెడితే అవి పనిచేసే లోపే చలికాలపు ఈగల్లో చాలా వరకు పాడైపోయి ఉంటాయి. ఆక్సాలిక్ ఆమ్లం మూత దాటలేదు, అందుకే అది ఆగస్టు మందు కాదు, పిల్లలే లేని డిసెంబరు మందు. ఒక్కటే మందును ఏటేటా వాడితే నల్లి దానికి అలవాటు పడుతుంది. 2024 జూన్ నుంచి 2025 మార్చి మధ్య అమెరికా వాణిజ్య పెంపకందారులు తమ గుంపుల్లో సుమారు 60 శాతం పోగొట్టుకున్నారు. చచ్చిన, చావబోతున్న గుంపుల నుంచి తీసిన నల్లిని ఆ దేశపు వ్యవసాయ పరిశోధన సంస్థ పరీక్షిస్తే, దాదాపు అన్నిటిలోనూ అమిట్రాజ్‌ను తట్టుకునే జన్యు గుర్తు కనిపించింది. మందు వేశాను అన్న మాటకు విలువ రావాలంటే మూడు వారాలకో నెలకో మళ్లీ లెక్కపెట్టి చూసి ఉండాలి.

దీనికి గట్టి అభ్యంతరం డబ్బు వైపు నుంచి వస్తుంది. అది కొట్టిపారేయదగ్గది కాదు. స్కాట్లండు కొండల మీద హెదర్ పూసేది ఆగస్టులోనే. ముద్దలా చిక్కగా, ఘాటైన పరిమళంతో ఉండే ఆ తేనెకు మంచి ధర పలుకుతుంది. అమెరికా ఈశాన్యంలో గోల్డెన్‌రాడ్, ఆస్టర్ పూసేది ఆగస్టు చివర, సెప్టెంబరులో. ఆ కోత వదులుకుని ఆగస్టు మధ్యలో తేనె చట్రాలు దించేయమనడం పెంపకందారు నోటి దగ్గరి కూడు తీసేయమనడమే. కానీ ఆ కాలపు తేనె, ఆ కాలపు పుప్పొడి కూడా ఎవరికి ఎక్కువ అవసరమో చూడాలి. గోల్డెన్‌రాడ్, ఆస్టర్ పుప్పొడి నేరుగా చలికాలపు ఈగల ఒంట్లో నిల్వయ్యేది. బ్రిటన్‌లో సెప్టెంబరు, అక్టోబరుల్లో పూసే ఐవీ కూడా అంతే, దాని తేనె పట్టులో రాయిలా గట్టిపడి తీయడానికి ఎలాగూ అనువుగా ఉండదు. ఆలస్యపు కోత మీద బతికే చోట జూన్, జూలైల్లోనే నల్లిని అదుపు చేయడానికి దారులున్నాయి. రాణిని మూడు వారాలకు పైగా బోనులో ఉంచి పిల్లల పెంపకాన్ని ఆపి, మూతలన్నీ విడిపోయాక ఆక్సాలిక్ వాడవచ్చు. మే నెలలో గుంపును విడదీసి కొత్త రాణినివ్వవచ్చు. తేనె ఉండగా వాడటానికి అనుమతి ఉన్న ఫార్మిక్ పట్టీలూ ఉన్నాయి. ఆలస్యపు కోత కావాలనుకునేవారు నల్లి పని ఇంకా ముందుకు జరపాలి. వెనక్కి జరిపితే ఆ కోత ఖరీదు తేనె ధరలో కాదు, మార్చిలో ఖాళీ పెట్టెల్లో కనిపిస్తుంది.

నల్లి తర్వాతి మాట తిండి. ఉత్తర అమెరికా చలి ప్రాంతాల్లో గుంపుకు 27 నుంచి 40 కిలోల తేనె విడిచిపెట్టాలంటారు, బ్రిటన్‌లో 18, 20 కిలోలు సరిపోతాయి. లాంగ్‌స్ట్రాత్ పెట్టెలోని పెద్ద చట్రం రెండువైపులా నిండితే సుమారు మూడు కిలోలు. అంటే చలి ఎక్కువగా ఉండేచోట కనీసం పది నిండు చట్రాలు కావాలి. చేయి తిరిగినవారు పెట్టె వెనక అంచును కాస్త ఎత్తి బరువును అంచనా వేస్తారు, కొత్తవారు తక్కెడ వాడటం మంచిది. తక్కువైతే బరువులో రెండు పాళ్లు పంచదార, ఒక పాలు నీళ్లు కలిపిన చిక్కటి పాకం పోస్తారు. వసంతంలో ఇచ్చే పలచటి పాకం ఇప్పుడు పనికిరాదు, దాన్ని ఆరబెట్టడానికి ఈగలు అరిగిపోతాయి. ఇక్కడ కూడా తేదీయే కీలకం. పాకాన్ని చిక్కబరిచి, అరల్లో నింపి, మూతపెట్టడం కష్టమైన పని. సెప్టెంబరులో అయితే ఆ పని ఎలాగూ చలికాలం దాకా బతకని వేసవి ఈగలు చేస్తాయి. అక్టోబరులో అయితే చలికాలపు ఈగలే చేయాలి, ఒంట్లో దాచుకున్నది దానికి ఖర్చవుతుంది. పంచదార తేనెతో సమానం కాదు, ఈగ తిండి ఈగకే విడిచిపెట్టాలి అనే వాదన ఒకటుంది. నైతికంగా నాకు అది నచ్చిన వాదన. శరీరధర్మం చూస్తే మాత్రం చలికాలంలో ముద్దకు కావలసింది వేడి, దానికి పంచదార చాలు. పైగా కొన్ని తేనెలు, ముఖ్యంగా చెట్ల మీది పేనుబంక స్రావం నుంచి వచ్చేవి, అరగని లవణాలతో నిండి ఉంటాయి. నెలల తరబడి బయటికి వెళ్లలేని ఈగలకు వాటివల్ల విరేచనాలు పట్టుకుంటాయి. పంచదార తీర్చలేని లోటు పుప్పొడి. అది ఆగస్టులో లేకపోతే చలికాలపు ఈగ ఒంట్లో నిల్వ ఉండదు, ఆ లోటును డిసెంబరులో ఏ పాకమూ పూడ్చదు.

మిగతా పనులు చిన్నవే, కానీ ఒక్కటీ వదలకూడదు. పూలు తగ్గిన కాలంలో ఒక పెట్టె ఈగలు ఇంకో పెట్టెను దోచుకుంటాయి, కందిరీగలు తోడవుతాయి. అందుకే పాకం ఒలకకుండా సాయంత్రం పూట పోసి, గడప ద్వారాన్ని ఒకటి రెండు అంగుళాలకు కుదిస్తారు. నల్లితో కూలిపోతున్న గుంపును దోచుకున్న ఈగలు తేనెతోపాటు నల్లినీ ఇంటికి తెస్తాయి. తన పెట్టెలను శుభ్రం చేసుకున్నవారు పొరుగువారి పెట్టెలను కూడా పట్టించుకోవాల్సింది ఇందుకే. వయసు మళ్లిన రాణిని ఆగస్టులో మార్చాలి, సెప్టెంబరు తర్వాత కొత్త రాణితో కలవడానికి పోతుటీగలు ఉండవు. బలహీనమైన గుంపును బలమైనదానితో కలపాలి. నల్లి లేదని, జబ్బు లేదని చూసుకున్నాక రెండు పెట్టెల మధ్య ఒక వార్తాపత్రిక కాగితం పరుస్తారు. ఈగలు దాన్ని కొరికి దారి చేసుకునేలోపు వాసనలు కలిసిపోతాయి. రెండు బక్క గుంపులు విడివిడిగా చచ్చేదానికంటే ఒక్కటై బతకడం మేలు. రాణిని కింది గదికే పరిమితం చేసే జాలీని తీసేయాలి. లేకపోతే తేనె తింటూ ముద్ద పైకి జరిగినప్పుడు రాణి ఒక్కతే కింద మిగిలి చలికి చచ్చిపోతుంది. ఎలుకలు దూరకుండా ద్వారానికి రేకు బిగిస్తారు.

ఇంతచేసినా చంపేది చలే కదా, కాబట్టి వెచ్చదనమే మొదటి పని కావాలి కదా అన్నది రెండో పెద్ద అభ్యంతరం. ఒకప్పుడు అమెరికాలో నాలుగేసి పెట్టెలను ఒక పెద్ద డబ్బాలో పెట్టి చుట్టూ ఊకో ఆకులో కూరేవారు. విస్కాన్సిన్‌లో పనిచేసిన సి.ఎల్. ఫరార్ గుంపు బలం, తేనె నిల్వ, పుప్పొడి నిల్వ సరిగా ఉంటే ఆ కూర్పు లేకుండానే ఈగలు అక్కడి చలిని దాటుతాయని వాదించి, చేసి చూపించారు. కెనడాలో పెట్టెలను సుమారు అయిదు డిగ్రీల దగ్గర చీకటి గదుల్లో ఉంచేవారు చాలామంది ఉన్నారు. అక్కడ గాలీ మంచూ లేకపోయినా నల్లి సోకిన గుంపు చచ్చిపోతూనే ఉంది. అయితే వెచ్చదనం వాదన పూర్తిగా తప్పని అనడం లేదు. ముద్ద కట్టడం ఈగలకు సుఖం కాదు, ఒత్తిడి అనీ, పలచటి చెక్క పెట్టె చెట్టు తొర్రతో పోలిస్తే చాలా చల్లనిదనీ డెరెక్ మిచెల్ 2023లో లెక్కలతో వాదించారు. చెట్టు తొర్ర గోడలు ఎంత మందమో చూసినవారికి ఆ మాటలో బలం కనిపిస్తుంది. మూత కింద మందపాటి అట్ట పెట్టడం తేనెను ఆదా చేస్తుంది, తేమను కూడా దారి మళ్లిస్తుంది. తేమ తక్కువ శత్రువు కాదు. కిలో తేనె ఈగల ఒంట్లో ఇంధనమైతే ఆరువందల గ్రాములకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. చల్లటి మూతకు తగిలి అది చుక్కలై ముద్ద మీద రాలితే తడిసిన ఈగలు నిలవలేవు. అందుకే పెట్టెను కాస్త ముందుకు వాల్చి, మూతను వెచ్చగా ఉంచాలి. ఇదంతా ఒప్పుకున్నా క్రమం మారదు. ఎంత వెచ్చని ఇంట్లోనైనా ఆరు వారాలకే చచ్చే ఈగ మార్చి చూడదు.

మూడో అభ్యంతరం మొదటి రెండింటికంటే లోతైనది. మందులతో బలహీన గుంపులను బతికిస్తూ పోతే నల్లిని తట్టుకునే ఈగ ఎప్పటికీ రాదు, ప్రకృతి ఎంచుకోనివ్వాలి అంటారు. సాక్ష్యమూ ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఇథాకా దగ్గరి ఆర్నాట్ అడవిలో థామస్ సీలీ 1978లో లెక్కించిన అడవి గుంపులు, నల్లి వచ్చాక 2002లో మళ్లీ లెక్కించినప్పుడు దాదాపు అదే సంఖ్యలో ఉన్నాయి. స్వీడన్‌లోని గాట్లండ్ దీవిలో 1999లో 150 గుంపులను మందు వేయకుండా వదిలేశారు, కొన్నేళ్ల తర్వాత తట్టుకునే కొద్దిపాటి గుంపులు మిగిలాయి. ఆసియా తేనెటీగ కథ ఇంతకంటే గొప్పది. మన తూర్పు కనుమల చెట్టు తొర్రల్లో, పుట్టల్లో పట్టు పెట్టే పుట్ట తేనెటీగది ఆ జాతే. వరోవా అసలు ఆతిథేయి ఆ జాతి. దాని పట్టులో నల్లి దాదాపుగా పోతుటీగ అరల్లో మాత్రమే పిల్లలు పెట్టగలుగుతుంది. ఈగలు ఒంటి మీద నల్లిని గీరి పారేస్తాయి, నల్లి సోకిన కూలి ఈగ పిల్లలను తీసి బయట పడేస్తాయి. నల్లి ఆ పట్టును కూల్చదు. మన మైదానాల్లో, అరకు వలిసె చేలల పక్కన ఈ ఈగను పెంచేవారు పెట్టెకు పాకం పోసేది చలికి కాదు, పూలు దొరకని వానాకాలానికి. ఇక్కడ ఆగస్టు సన్నాహం ఉంది గానీ దాని శత్రువు వేరు.

ఈ సాక్ష్యాలన్నీ నిజమే, కానీ అవి చెప్పేది మందు మానేయమని కాదు. ఆసియా తేనెటీగకు ఆ సర్దుబాటు రావడానికి పట్టిన కాలం మనిషి కొలవగలిగినది కాదు. ఐరోపా తేనెటీగకు నల్లి తగులుకున్నది ఇరవయ్యో శతాబ్దం నడిమిలో, అమెరికాలో అది కనిపించింది 1987లో, బ్రిటన్‌లో 1992లో. గాట్లండ్‌లో మిగిలినవాటి గురించి చెప్పేటప్పుడు మొదటి కొన్నేళ్లలోనే ఎక్కువ గుంపులు పోయాయనీ, మిగిలినవి చిన్న గుంపులనీ కూడా చెప్పాలి. ఆర్నాట్ అడవిలో గుంపులు నలభై లీటర్ల చిన్న తొర్రల్లో, ఒకదానికొకటి దూరంగా ఉంటాయి, ఏటా విడిపోతాయి, పిల్లల పెంపకానికి విరామం దొరుకుతుంది. పెంపకందారు పెట్టె అందుకు పూర్తిగా విరుద్ధం. పెద్ద పెట్టె, పక్కపక్కనే ఇరవై గుంపులు, విడిపోకుండా ఆపడం, ఎక్కువ తేనె. ఆ పరిస్థితులన్నీ ఉంచుకుని మందు మాత్రం మానేయడం ప్రకృతి పద్ధతి కాదు, సగం పద్ధతి. నిజంగా తట్టుకునే ఈగ కావాలనుకునేవారికి మంచి దారి ఉంది: ఆగస్టులో ప్రతి పెట్టెలోనూ లెక్కపెట్టాలి, లెక్క తక్కువ ఉన్న గుంపుల నుంచి వచ్చే వసంతంలో రాణులను పెంచాలి, ఎక్కువ ఉన్నవాటికి మందు వేసి వాటి రాణిని మార్చాలి. లూయిసియానాలోని బేటన్ రూజ్ పరిశోధనశాలలో నల్లి సోకిన అరలను వాసన పట్టి తెరిచే ఈగలను దశాబ్దాలుగా ఎంచి పెంచింది ఇలాంటి లెక్కలతోనే. ఎంపికకు ప్రతి గుంపు చావు చూడాల్సిన పని లేదు.

చెక్క చట్రాలు, కదిలే పట్టులు లేని రోజుల్లో, అంటే 1852లో లాంగ్‌స్ట్రాత్ తన పెట్టెకు పేటెంటు తీసుకోకముందు, ఐరోపాలో గడ్డి బుట్టల్లో ఈగలను పెంచినవారు ఆకురాలు కాలంలో బుట్టలను ఎత్తి చూసేవారు. బాగా బరువైనవాటిని తేనె కోసం, బాగా తేలికైనవాటిని ఎలాగూ బతకవని, గంధకం పొగ పెట్టి చంపేవారు. మధ్యస్థమైనవి చలికి వదిలేవారు. ఇప్పుడు చట్రాన్ని తీసి, అరలను చూసి, నల్లిని లెక్కపెట్టి, ఏ గుంపుకు ఏం కావాలో తెలుసుకోవచ్చు. ఆగస్టు మొదటి వారంలో లెక్క, ఆగస్టు మధ్యకల్లా మందు, సెప్టెంబరులో పాకం, అక్టోబరులో ఎలుక రేకు, మూత కింద అట్ట, డిసెంబరులో పిల్లలు లేనప్పుడు ఒక్కసారి ఆక్సాలిక్. ఆ తర్వాత పెట్టెను తెరవకూడదు. గాలి పది డిగ్రీలు దాటిన ఎండపూట ఈగలు బయటికొచ్చి తిరిగి లోపలికి వెళ్తాయి. గుంపు బతికే ఉందని బయటి నుంచి చూసి తెలుసుకోవడానికి అది చాలు.